ఉత్తరం అడుగున కిటికీ

ఉత్తరం అడుగున ఒక కిటికీ ఉంది.

కత్తెర పెట్టి నాలుగు మూలలూ తిన్నగా కోసిన కిటికీ. రత్నం పంతులు ఉత్తరాన్ని వెలుతురుకు ఎత్తి చదువుతుంటే, ఎదురుగా నేల మీద కూచున్న కృపమ్మకు ఆ కంతలోంచి ఆయన చొక్కా గుండీ ఒకటి కనిపించింది. దారం వదులై వేలాడుతున్న తెల్లటి గుండీ. అక్కడ తనకోసం ఏదో ఉండాలి. దాని చోట పంతులు గుండీ ఉంది.

ఆయన "ఇట్లు, ఏలియా" అని చదివి ఆగాడు. కాగితం తిరగేసి చూశాడు. కంతలో చూపుడువేలు దూర్చి చూశాడు.

"ఎలుక కొట్టింది కాదమ్మా ఇది. కత్తెరతోని కోసిండ్రు."

కృపమ్మ చేయి చాపి ఉత్తరం తీసుకుంది. ఆమెకు అక్షరాలు రావు, అంకెలే వచ్చు. ఆ ఉత్తరంలో ఆమె తానుగా చదువుకోగలిగింది ఏదైనా ఉంటే అది పేరు కింద, కుడివైపున, ఆ కాస్త జాగాలోనే ఉండేది. సరిగ్గా అదే పోయింది.

అది 1942, ఫిబ్రవరి నెల. కాజీపేట స్టేషనుకు ఉత్తరాన, పట్టాలకు ఆనుకుని మిషను వాళ్లు కట్టించిన ఒంటిగది బడి అది. ఆరు రోజులు బడి, ఏడో రోజు గుడి. ఆరు రోజులు రత్నం పంతులు పిల్లలకు ఎక్కాలు చెప్పేవాడు, ఏడో రోజు పెద్దలకు ప్రార్థన చెప్పేవాడు. తూర్పు గోడకు ప్రపంచపటం ఉండేది. దాని పక్కనే పాటల పలక. నల్లరంగు వేసిన ఆ చెక్కకు మేకులు కొట్టి ఉండేవి. అంకెలు రాసిన చిన్న చిన్న బిళ్లలను ఆ మేకులకు తగిలిస్తే, ఆ ఆదివారం ఏ పాటలు పాడాలో అందరికీ తెలిసేది. పాటల పుస్తకం కొనుక్కోలేని వాళ్లకూ, కొన్నా చదవలేని వాళ్లకూ నంబరు చాలు. నంబరు కనబడగానే గొంతులో పాట కదిలేది. వాళ్లలో వాళ్లు పాటలను పేరుతో పిలిచేవాళ్లు కాదు. ఫలానా పెళ్లిలో అరవై రెండు పాడారు, ఫలానా ముసలాయనకు ఎనిమిదంటే ప్రాణం అనుకునేవాళ్లు. దూరాన ఉన్నవాళ్లు ఉత్తరం రాస్తే సంతకం కింద ఒక పాట నంబరు వేయడం వాళ్లలో మర్యాద. దాన్ని దీవెనలాగా తీసుకునేవాళ్లు.

బడి ఊడ్చేదీ, శనివారం సాయంత్రం పంతులు రాసిచ్చిన చీటీ చూసి బిళ్లలు తగిలించేదీ కృపమ్మ. ఆ పని ఆమెకు ఏలియా వెళ్లిపోయాక వచ్చింది.

ఏలియా కాజీపేట లోకో షెడ్డులో ఫిట్టరు. మనిషి పొడుగు, మాట పొట్టి. బాయిలరు మీద చెవి ఆనించి లోపల ఏ గొట్టం కారుతోందో చెప్పేవాడట. ఇంట్లో మాత్రం ఎవరి గుండెకూ చెవి ఆనించినవాడు కాదని కృపమ్మకు చాలాకాలం కోపం.

1938 వానాకాలంలో వాళ్ల ఒక్కగానొక్క కొడుకు దావీదుకు జ్వరం వచ్చింది. వాడికి రెండేళ్లు. జ్వరం వచ్చిన రెండో రోజే డోర్నకల్ అవతల బొగ్గు బండి ఒకటి పట్టాలు తప్పింది. గనుల నుంచి వచ్చే బొగ్గు ఆగితే రైళ్లు ఆగుతాయి, మిల్లులు ఆగుతాయి. రాత్రికి రాత్రి బ్రేక్‌డౌన్ బండి కట్టి ఫిట్టర్లను తీసుకుపోయారు. ఏలియా తువ్వాల భుజాన వేసుకుని, పిల్లవాడి పాదం ఒకసారి ముట్టుకుని వెళ్లాడు. తెల్లారి దావీదు పోయాడు. వాన విడవకుండా కురుస్తుంటే ఎక్కువసేపు ఉంచలేక ఆ సాయంత్రమే మట్టిచేశారు.

ఏలియా వచ్చింది ఆ మర్నాడు పొద్దున. ఒళ్లంతా బొగ్గు మసి, అందులో కళ్లు రెండే తెల్లగా. గడప దగ్గర నిలబడ్డాడు. కృపమ్మ అతని వైపు చూసి ఒక్క మాట అడిగింది.

"ఇంజను లేసిందా?"

"లేసింది" అన్నాడు.

వాళ్లిద్దరి మధ్య ఆ తర్వాత నాలుగు నెలలు జరిగిన మాటలన్నీ ఉప్పు, నీళ్లు, డ్యూటీ, గొళ్లెం. అతను ఆ పొద్దున ఇంట్లోంచి తిన్నగా గుడికి నడిచాడనీ, పలక ముందు చాలాసేపు నిలబడ్డాడనీ ఆమెకు పంతులు చెప్తేనే తెలిసింది. పలక మీద అంత్యక్రియల నాటి బిళ్లలు ఇంకా తీయలేదు. అతను వినని పాట నంబరు అక్కడ వేలాడుతూ ఉంది.

షెడ్డుకు ఎవరో ఏజెంటు వచ్చాడు. పర్షియా దేశంలో అబాదాన్ అనే ఊరుందనీ, నేల కింద నుంచి తోడిన నూనెను అక్కడ పెద్ద కార్ఖానాలో కాచి వడకట్టి ఓడల్లో ప్రపంచమంతా పంపుతారనీ, బాయిలరు పని తెలిసినవాళ్లు మూడేళ్ల ఒప్పందం మీద కావాలనీ చెప్పాడు. ఏలియా ముందుకు వెళ్లి సంతకం పెట్టాడు. రైల్వే క్వార్టరు ఖాళీ చేసి కృపమ్మను గుడి వెనక గదిలో దింపి వెళ్లాడు. బండి కదిలేటప్పుడు ఆమె ప్లాట్‌ఫారం మీదనే ఉంది. చెయ్యి ఎత్తలేదు. చెయ్యి ఎత్తి ఉంటే ఏమయ్యేదని ఆ తర్వాత ఎన్నో సాయంత్రాలు తన కుడిచేతిని చూసుకుంది.

మొదటి ఉత్తరం జనవరిలో వచ్చింది. ఉత్తరం అంతా అందరికీ రాసినట్టే ఉంది. ప్రభువు కృప వలన క్షేమం, అక్కడ క్షేమం కోరడమైనది, ఎండ ఎక్కువ, నీళ్లు ఉప్పగా ఉంటాయి, పంతులుగారికి వందనాలు. చివర సంతకం. సంతకం కింద 84.

పంతులు దాన్ని భక్తిగా చదివి కాగితం మడిచి ఇచ్చాడు. కృపమ్మ బయటికి వచ్చి, పట్టాల పక్కన కంకర మీద కూలబడింది. ఎనభై నాలుగు సాయంత్రం పాట. వానలో, బురదలో, చిన్న గుంత పక్కన నిలబడి పదిహేను మంది పాడిన పాట. 'నేను లేను, కానీ పలక చూశాను' అని అంత దూరం నుంచి ఆ మాటపొట్టి మనిషి చెప్పగలిగినదంతా ఆ రెండు అంకెల్లో ఉంది.

రెండు నెలలు ఆమె జవాబు రాయించలేదు. తర్వాత పంతులు చేత నాలుగు క్షేమసమాచారాలు రాయించి, కవరు అంటించే ముందు ఇంటికి తెచ్చుకుంది. కలం పట్టుకోవడం అదే మొదలు. చీపురుపుల్ల పట్టుకున్నట్టు పిడికిలితో పట్టుకుని, బిళ్లల మీద ఎలా ఉంటుందో అలా, సంతకం ఉండవలసిన చోటుకు కింద 84 అని వేసింది. ఎనిమిది కాస్త పక్కకు ఒరిగింది.

అట్లా మొదలైంది వాళ్ల కాపురం రెండోసారి. ఉత్తరంలో పైనున్నదంతా పంతులు నోటి గుండా, ఇరుగుపొరుగు చెవుల గుండా పోయేది. అడుగున ఉన్నది మాత్రం ఇద్దరిది. నడి వేసవిలో, అక్కడ ఇనుము ముట్టుకుంటే చర్మం ఊడుతుందని రాసిన ఉత్తరం కింద అతను వానల పాట నంబరు వేశాడు. కృపమ్మకు నవ్వు వచ్చింది. కొడుకు పోయాక అదే మొదటి నవ్వు, దాన్ని కొంగుతో కప్పుకుంది. దావీదు పోయిన రోజుకు అందేటట్టు ఏటా ఆమె ఎనభై నాలుగు పంపేది. ఏటా అతని దగ్గర నుంచీ అదే వచ్చేది. రెండు ఉత్తరాలూ సముద్రం మీద ఎక్కడో ఒకదాన్నొకటి దాటుకుంటూ పోయి ఉంటాయి.

1941 నవంబరుకు మూడేళ్లు నిండుతాయి. ఆ సెప్టెంబరులో ఆమె పంపిన ఉత్తరం కింద వేసిన నంబరు నూట యాభై ఒకటి. ఇద్దరు కలిసి ఒక ఇల్లు కట్టుకుంటారని సాగే పాట అది. పెళ్లిళ్లలో తప్ప ఎవరూ పాడరు. ఆ అంకె వేయడానికి ఆమెకు మూడు సాయంత్రాలు పట్టింది. వచ్చెయ్యి, మళ్లీ మొదలుపెడదాం అనే మాట నోటితో అనవలసి వస్తే ఈ జన్మలో అనలేదు. అంకె గనుక అనగలిగింది.

దానికి జవాబుగా వచ్చిందే ఆ కిటికీ.

"యుద్ధం గదమ్మా" అని రత్నం పంతులు వివరంగా చెప్పాడు. దేశం దాటిన ప్రతి ఉత్తరాన్నీ విప్పి చూసేవాళ్లు ఉంటారనీ, కవరు అంచుకు అంటించిన కాగితం పట్టీ వాళ్లదేననీ కవరు చూపించాడు. అక్కడికి ఎన్ని ఓడలు వచ్చాయి, ఎంత నూనె పోయింది అని ఎవరైనా అంకెల్లో చేరవేస్తారేమో అని వాళ్ల భయం.

"పైన ఊరి పేరు అబాదాన్. కింద ఏ మాటా లేకుంట ఉత్త అంకె. ఇగ కత్తెర పెట్టకుంట ఉంటరా?"

"పాట నంబరని తెల్వదా వాళ్లకు?"

"మన పాటలు వాళ్లకేం తెలుసు బిడ్డా."

ఉత్తరం పైభాగంలో రావడం గురించి ఒక్క మాటే ఉంది. మూడేళ్లు నిండినా ప్రస్తుతం ఎవరినీ పంపడం లేదట. రాలేకపోవడం వేరు, రావాలని లేకపోవడం వేరు. అందులో ఏదో ఆ కిటికీలో ఉండేది.

ఆ సాయంత్రం ఆమె పాత ఉత్తరాలన్నీ చాప మీద పరిచింది. అతని చేతిరాతలో రెండంకెలకు మూడు బియ్యపుగింజల వెడల్పు, మూడంకెలకు నాలుగున్నర. కిటికీ ఆరు గింజల వెడల్పు ఉంది. కోసినవాడు ఉదారంగా కోశాడు. రెండంకెలైనా కావచ్చు, మూడైనా కావచ్చు. ఎనభై నాలుగైనా కావచ్చు. పిల్లవాడు పోయిన నెల కాకుండా వేరే నెలలో ఎనభై నాలుగు వస్తే దాని అర్థం ఏమిటో ఆలోచించడానికి ఆమె భయపడింది.

వెంటనే మళ్లీ ఉత్తరం రాయించి నూట యాభై ఒకటి వేసి పంపింది. వేసవి నడుమ జవాబు వచ్చింది. పైన ఎండ గురించి, క్షేమం గురించి. అడుగున ఇంకో కిటికీ.

ఈసారి పంతులు లేచి ప్రపంచపటం దగ్గరికి వెళ్లాడు. బెత్తంతో ముందు బర్మాను చూపించాడు. అక్కడి నూనె బావులు కిందటి నెలలోనే పోయాయి. జపాను వాళ్లకు దక్కకూడదని ఇంగ్లీషువాళ్లే నిప్పుపెట్టి వచ్చేశారు. మన ఊళ్లో దీపాలకు కిరసనాయిలు వచ్చేది చాలామటుకు అక్కడి నుంచే. బెత్తం సముద్రాన్ని దాటి పడమరకు పోయి ఒక నది నోటి దగ్గర ఆగింది. చీమ తల అంత చుక్క. ఇటువైపు ఓడలకూ విమానాలకూ లారీలకూ ఇప్పుడు ఆ చుక్కే దిక్కన్నాడు. కిందటేడు ఆగస్టులో ఇంగ్లీషు సైన్యం దక్షిణం నుంచీ, రష్యా సైన్యం ఉత్తరం నుంచీ ఆ దేశంలోకి దిగాయనీ, అంతా ఆ చుక్క ఎవరి చేతిలో ఉండాలనేదాని గురించేననీ చెప్పాడు. పటంలో ఆ దేశం పక్కన పిల్లలెవరో సిరా ఒలికించారు.

"మా ఆయనను మల్ల ఎప్పుడు పంపుతరు సారు?"

పంతులు బెత్తం దించాడు. "ఆ దేశపు రాజునే దేశం దాటించి పంపిండ్రమ్మా. రాజును పంపిండ్రు గని ఫిట్టరును మాత్రం పంపరు. రాజు లేకున్నా నూనె కాగుతది. ఫిట్టరు లేకుంటే కాగదు."

కృపమ్మకు అది హాస్యంలా వినిపించలేదు. తనను ఎవరూ అడగకుండానే తన మొగుడు లోకానికి అంత అవసరమైనవాడు అయిపోయాడు. బొగ్గు బండి లేవాలని ఒకసారి తీసుకుపోయారు, ఇప్పుడు ఓడలు కదలాలని ఉంచుకున్నారు.

పంతులు ఒక ఉపాయం చెప్పాడు. నంబరు వేయవద్దనీ, దాని బదులు పాట మొదటి వరస మాటల్లో రాయమనీ ఏలియాకు రాద్దామన్నాడు. తెలుగు తెలిసిన వాడెవడైనా చూస్తే అది పాటే కదా అని వదిలేస్తాడు.

కృపమ్మ చాలాసేపు నేల మీద వేలితో గీతలు గీసింది. మాటల్లో రాస్తే ఆ మాటలు పంతులు నోట్లోంచి రావాలి. తలుపు దగ్గర చేరిన బడిపిల్లలు వినాలి. ఏలియా తనకు చెప్పిన మాట తనకన్నా ముందు ఇంకో మగవాడి గొంతులో పలకాలి.

"వద్దు సారు. నంబరైతెనే రాయనియ్యుండ్రి" అంది.

ఆ మొండితనానికి ఆమె కట్టిన వెల పదమూడు నెలలు. ఆ తర్వాత ఉత్తరం రాలేదు.

టపా మోసే గట్టయ్య రోజూ పదిగంటల బండి దిగాక బడి ముందు నుంచే పోయేవాడు. మొదట్లో తల అడ్డంగా ఊపేవాడు. తర్వాత ఊపడం ఇబ్బందై, పట్టాల అవతలి వైపు నుంచి పోవడం మొదలుపెట్టాడు.

ఊళ్లో దీపాలు ఒక్కొక్కటే చిన్నవయ్యాయి. కిరసనాయిలుకు చీటీలు వచ్చాయి, చీటీలు ఉన్నా డబ్బాలు రావడం మానేశాయి. మట్టెవాడ దుకాణాల్లో కందిళ్లు తలకిందులుగా వేలాడేవి. జనం ఆముదం దీపాలకు మళ్లారు. ఆ వెలుతురులో మనుషుల ముఖాలు పాతకాలపు ముఖాల్లా కనిపించేవి. గుడిలో సాయంత్రపు ప్రార్థన ఎత్తేసి పొద్దుటికి మార్చారు. కృపమ్మ గదిలో బుడ్డి ఖాళీగా ఉండేది. దాని గాజు మాత్రం ఆమె రోజూ తుడిచేది.

పక్కింటి యాకమ్మ లోకో షెడ్డు దగ్గర బూడిదకుప్పల్లో సగం కాలిన బొగ్గు ఏరుకుని అమ్ముకునే మనిషి. నోరు పెద్దది, చేయి దానికన్నా పెద్దది. షెడ్డు చుట్టూ కంచె వేసి కాపలా పెట్టాక ఆమె పని కష్టమైంది. గనుల నుంచి వచ్చే బొగ్గు బండ్ల వెంట తుపాకీ పట్టిన మనిషి నిలబడి పోతున్నాడు. కాలిన బొగ్గును కూడా వదలని ఈ యుద్ధం ఎంత బీదదో అని యాకమ్మ అందరితో అనేది.

"ఏందే చెల్లె" అని ఒకనాడు గోడ మీంచి పలకరించింది, "నీ పెనిమిటి నూనె సముద్రం కాడ కూసున్నడట. నీ బుడ్డిల జూస్తె సుక్క లేదాయె. ఒక్క సీసా పార్సల్ జెయ్యమని రాయరాదు?"

"రాస్తనే అక్కా. ముందు ఆయన ఉత్తరం రానియ్యి."

"రాదు తీ. ఆ దేశపు ఆడోళ్లు మస్తు ఎర్రగుంటరట. మా షెడ్డు జమేదారు చెప్పిండు."

కాసేపటికి యాకమ్మ గోడ మీద దోసెడు బొగ్గు పెట్టి, పొయ్యిలో వేసుకొమ్మని చెప్పి, ఎవరో పిలిచినట్టు లోపలికి పోయింది. ఆ బొగ్గు చాలాకాలం పొయ్యిలో పడలేదు. ఇంటి మూలలో చిన్న కుప్పగా ఉండేది.

శనివారాలు ఆమె గుడి ఊడ్చి, పంతులు చీటీలోని అంకెలు తగిలించేది. కానీ అంతకుముందు, ఖాళీ పలక మీద, వేరే ఒక అంకె తగిలించి చూసేది. ఇదై ఉంటుందా? నూట రెండు. బెంచీల మధ్య ఒంటరిగా నిలబడి నూట రెండు మొదటినుంచి చివరిదాకా సన్నగా పాడేది. ప్రయాణం పాట. ఇది కాదు అనిపిస్తే బిళ్లలు తీసి, మరో శనివారం నూట మూడు. కొన్ని పాటలు పాడుతుంటే ఏలియా అక్కడే తలుపు దగ్గర నిలబడి బొగ్గు మసితో వింటున్నట్టు ఉండేది. కొన్ని పాడితే గది ఇంకా ఖాళీ అయ్యేది. ఎన్ని శనివారాలు గడిచాయో గాని నూట నలభై దాకా వచ్చింది. నూట యాభై ఒకటి దగ్గరికి వచ్చేకొద్దీ వారం వదిలి వారం తగిలించసాగింది. అక్కడిదాకా వచ్చి అది కూడా కాదు అనిపిస్తే, ఆపైన పాడటానికి గొంతు ఉండదని ఆమెకు తెలుసు.

1943 జూలై మొదటి వారంలో గట్టయ్య పట్టాలు దాటి ఇటువైపు వచ్చాడు. దూరం నుంచే కవరు ఎత్తి చూపించాడు.

బయట వాన మొదలైంది. పంతులు పిల్లలను పంపించేసి, వెలుతురు కోసం తలుపు దగ్గర కూచున్నాడు. కృపమ్మ ముందుగా అడుగున అంకె ఉందేమో చూడమంది. కాగితం నిండుగా ఉంది. కిటికీ లేదు. అంకె కూడా లేదు. సంతకం కింద తెల్లటి కాగితం, అంతే.

ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుంది. అతను వేయడం మానేశాడు. దానికన్నా కిటికీయే నయం.

పంతులు చదవడం మొదలుపెట్టాడు. ప్రభువు కృప వలన క్షేమం. మధ్యలో జబ్బుపడి ఆస్పత్రిలో ఉన్నాను, ఇప్పుడు పనిలోకి వచ్చాను. యుద్ధం ముగిసేదాకా ఎవరినీ విడవరు. మీ ఉత్తరాలు రెండు అందినవి. రెండింటికీ అడుగున కాగితం కోసి ఉన్నది, కావున మీరు వేసినదేమో నాకు తెలియలేదు.

కృపమ్మ తలెత్తింది. తను అడిగింది అతనికి చేరనే లేదు. ఆ రెండు కిటికీల్లో ఏమున్నా, అది తన ప్రశ్నకు జవాబు మాత్రం కాదు.

పంతులు అదే గొంతుతో చదువుకుంటూ పోయాడు. "ఇక్కడ తెలుగువాళ్లము కొందరము ఆదివారము మెస్సులో కూడి పాడుకొనుచున్నాము. పోయిన ఆదివారము నేను అడిగి పాడించినది, డోర్నకల్‌లో లైటు ఆరిపోయినప్పుడు పాడిన పాట. ఇక్కడ లైటు ఆరదు. కార్ఖానా గొట్టాల మీద మంట పగలూ రాత్రీ మండుతూనే ఉండును. నాకు ఆ చీకటి గుర్తుకు వచ్చినది. యాకమ్మగారికి వందనములు. ఇట్లు, ఏలియా."

"డోర్నకల్‌ల ఎప్పుడో లైటు ఆరిందట" అన్నాడు పంతులు, పెద్దగా పట్టించుకోకుండా. "అంత దూరంల ఎన్నెన్ని గుర్తుకొస్తయో మనిషికి."

కృపమ్మ లేచి తలుపు దాకా వెళ్లి వానను చూస్తూ నిలబడింది.

డోర్నకల్ ఆమె పుట్టినూరు. 1934 ఎండాకాలంలో అక్కడి గుడిలో వాళ్ల పెళ్లి. అద్దెకు తెచ్చిన పెట్రోమాక్స్ లైటులో వెలిగే గుడ్డ తిత్తి, మాంటిల్, పాట మధ్యలో రాలిపోయింది. ఒక్కసారిగా కళ్లు పొడుచుకున్నా కానరాని చీకటి. అయినా ఎవరూ ఆపలేదు. పాట నంబరు పలక మీద కనబడకపోయినా పాట అందరికీ వచ్చు. ఆ చీకట్లో, ముఖం కూడా సరిగ్గా చూడని పెళ్లికొడుకు చేయి వెతుక్కుంటూ వచ్చి ఆమె చిటికెనవేలు పట్టుకుంది. నూనె వాసన వేసే గరుకు చేయి. ఎవరో ఎక్కబుడ్డి దీపం తెచ్చేసరికి వదిలేసింది. ఆ సంగతి వాళ్లిద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు. అతనికి గుర్తుందని కూడా ఆమెకు ఈ క్షణం దాకా తెలియదు.

అప్పుడు పాడుతున్న పాట నూట యాభై ఒకటి.

వాన గచ్చు మీదికి కొడుతోంది. గనుల బొగ్గు బండి ఒకటి తడుస్తూ స్టేషను వైపు పోతోంది. ప్రశ్న అందకపోయినా, అంత దూరాన ఉన్నవాడు తనంతట తానే అదే ప్రశ్న వేశాడు. జవాబు ఇవ్వవలసింది ఇప్పుడు ఆమె.

జవాబు ఎలా ఇవ్వాలో ఆమె శనివారం దాకా ఆలోచించింది. ఇక్కడ కూడా ఆ పాట పాడాం అని రాయిస్తే చాలు, అతనికి అర్థమవుతుంది. కానీ పాడకుండానే పాడామని రాయించడం ఆమెకు చేతకాదు. తనొక్కతే ఖాళీ గదిలో పాడుకుంటే అది పాడాం కాదు. అతను పదిమందితో పాడించాడు.

ఆ శనివారం పంతులు ఇచ్చిన చీటీలో మూడు నంబర్లు ఉన్నాయి. ఇరవై ఆరు, అరవై రెండు, నూట నలభై. మొదటి రెండూ చీటీ ప్రకారం తగిలించింది. మూడోదాని దగ్గర ఒకటి తగిలించి ఆగింది. నాలుగు బిళ్ల పెట్టెలో వేసేసింది. ఐదు తీసింది. ఇంకో ఒకటి కోసం పెట్టె అడుగంతా వెతికింది, దొరికింది. గుడిలో ఎవరూ లేరు. అయినా దొంగతనం చేసినట్టు చెమట పట్టింది.

మర్నాడు రత్నం పంతులు అలవాటుగా పలక వైపు తిరిగి, కళ్లద్దాలు సర్దుకుని, "నూట యాభై ఒకటి" అన్నాడు. అన్నాక తనే ఒక క్షణం తటపటాయించాడు. అప్పటికే వెనక వరసలో ముసలి కట్టమ్మ ఎత్తుకుంది. ఆమె పెళ్లి జరిగి యాభై ఏళ్లు. ఆమె వెనకాల మిగతావాళ్లు. పెళ్లికూతురు లేదు, పెళ్లికొడుకు లేడు, అయినా రైలుకూలీలూ, పాయింట్స్‌మెన్ల భార్యలూ, పిల్లలూ గొంతు విప్పి పాడారు. ఇద్దరు కలిసి ఇల్లు కట్టుకునే చరణం దగ్గర ఒక మెయిలు బండి కూత పెట్టుకుంటూ పోయింది. అది పోయేదాకా వాళ్ల నోళ్లు కదులుతూనే ఉన్నాయి, పాట వినబడలేదు. బండి పోయాక పాట అక్కడే ఉంది.

కృపమ్మ తలుపు పక్కన తన చోట నిలబడి ఉంది. ఏడాదిగా అన్ని పాటలూ ఒంటరిగా పాడిన గొంతు ఆ రోజు రాలేదు. ఎడమచేతి చిటికెనవేలిని కుడిచేతిలో పట్టుకుని నిలబడింది.

ప్రార్థన అయ్యాక పంతులు పెళ్లెవరిదని అడిగాడు. ఎవరిదీ కాదనీ, అంకె తప్పు పడిందనీ చెప్పింది. ఆయన చీటీ వెనక్కి తీసుకుని చూసుకుని, నాలుగుకూ ఐదుకూ పోలికేమిటో అర్థంగాక వెళ్లిపోయాడు.

బుధవారం ఉత్తరం రాయించడానికి కూచుంది. ఇక్కడ అందరం క్షేమం. వానలు పడుతున్నాయి. మీ ఆరోగ్యం చూసుకోగలరు. యాకమ్మ ఒక సీసా నూనె అడిగింది, అది హాస్యానికి. పంతులు చకచకా రాస్తూ పోయాడు.

"ఇంకొకటి సారు" అంది. "లైటు ఆరినప్పటి పాట పోయిన ఆదివారం ఇక్కడ గూడ పాడినం అని రాయుండ్రి."

కలం ఆగింది. పంతులు తల తిప్పి పలకను చూశాడు. ఆదివారం నాటి బిళ్లలు ఆమె ఇంకా తీయలేదు. పలక పక్కన పటంలో, సిరా మరక దగ్గర, చీమ తల అంత చుక్క. ఆయన రెండింటినీ మార్చి మార్చి చూశాడు.

"అంకె తప్పు పడ్డదన్నవు."

"తప్పే పడ్డది సారు."

పంతులు కళ్లద్దాలు తీసి పంచె చెంగుతో తుడుచుకుని, కలం సిరాలో ముంచాడు. "అందరము పాడినాము అని రాయనా?"

"అందరు పాడిండ్రు అని రాయుండ్రి. నాకు గొంతు రాలేదు. అది మాత్రం రాయకుండ్రి."

ఆయన రాశాడు. ఎప్పుడూ లేనిది ఆ వరస నెమ్మదిగా, అక్షరం అక్షరం దిద్దినట్టు రాశాడు. సంతకం చోట కృపమ్మ పేరు పెట్టి కాగితం మడవబోతుంటే ఆమె చేయి చాపింది. కలం కూడా అడిగింది. ఇంటికి తీసుకుపోకుండా, మొదటిసారి ఆయన ఎదుటనే, పిడికిలితో పట్టుకుని, పేరు కింద కుడివైపున మూడు అంకెలు వేసింది. ఈసారి ఏదీ పక్కకు ఒరగలేదు.

"కోస్తరమ్మా దాన్ని" అన్నాడు పంతులు మెల్లగా.

కృపమ్మ సిరా ఆరేదాకా దాని మీద ఊదింది.

"కొయ్యనియ్యుండ్రి సారు. కంతయితే ఆయన కాడికి పోతది గద."